మంత్రి గారూ, ‘బీడీఎల్’ పక్కన అంకె ఏదీ?

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అనలిటికల్ కెమిస్టుని. నీళ్లలో, మట్టిలో, గాలిలోని దుమ్ములో సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ ఎంతున్నాయో కొలవడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. నీటి పరీక్షల నివేదికల్లో ఒక లోపం ఏళ్ల తరబడి చూస్తున్నాను. దాన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు.

పట్టికలో సీసం ఎదురుగా ‘బీడీఎల్’ అని రాసి ఉంటుంది. యంత్రం గుర్తించగల కనీస మోతాదు (గుర్తింపు పరిమితి) కంటే తక్కువ ఉందని దానర్థం. చదివినవాళ్లు సీసమే లేదనుకుని ఫైలు మూసేస్తారు. ఇంతకీ ఆ కనీస మోతాదు ఎంత? తాగునీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ లీటరుకు 10 మైక్రోగ్రాములు. లోహాలను కొలవడానికి వాడే, మంట మీద నడిచే పాతకాలపు అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రానికి ఆ స్థాయి ఆనదు. లీటరుకు 40 మైక్రోగ్రాములున్న నీళ్లు పెట్టినా అది బీడీఎల్ అనేసే అవకాశం ఉంది. అవే నీళ్లు మరింత సున్నితమైన యంత్రాలైన గ్రాఫైట్ ఫర్నేస్‌లోనో ఐసీపీ-ఎంఎస్‌లోనో పెడితే ఆ సూచించిన విలువకు నాలుగింతలని తేలుతుంది. పైగా సగటు కట్టేటప్పుడు బీడీఎల్ ఉన్న చోటల్లా సున్నా వేసుకునేవాళ్లూ ఉన్నారు! అలా కట్టిన సగటును నమ్మి మీరు సభలో జవాబు చెబుతారు.

అలాగని ఖరీదైన యంత్రం కొంటే పని అయిపోయిందనుకోకండి. మా రంగంలో యంత్రాల ప్రారంభోత్సవాలకు ఎప్పుడూ కొదవ లేదు. శుభ్రత లేకపోతే ఎంత మంచి యంత్రమైనా తప్పు అంకె ఇస్తుంది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రకటించారు. ఆ పనిలో ఆయన్ను ముప్పుతిప్పలు పెట్టింది ల్యాబ్‌లోని సీసమే. గాలిలో, ఆమ్లంలో, గాజుపాత్రల్లో అంతటా అదే. చివరికి దుమ్ము చొరబడని ప్రత్యేక గది కట్టుకోవాల్సి వచ్చింది. అంత సీసం ఎక్కడిదని వెతుక్కుంటూ పోయి పెట్రోల్ దాకా చేరారు. 1965లో ఆ మాట రాసినందుకు పరిశ్రమకు శత్రువయ్యారు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ప్రపంచంలో చివరిసారిగా ఆగింది 2021లో.

అలాంటి శుభ్రమైన పద్ధతుల్లో మళ్లీ కొలిచాక, సముద్రపు నీటిలో లోహాల గురించి అంతకుముందు అచ్చయిన అంకెలు చాలావరకు పక్కన పెట్టాల్సి వచ్చింది. వాటిలో కొలిచింది సముద్రాన్ని కాదు, ఓడ తుప్పునీ, నీళ్లు పట్టిన సీసాల మురికినీ. అంటే ఈ కొలతలు రెండువైపులా తప్పుతాయి. శుభ్రత లోపిస్తే లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది, సున్నితత్వం లోపిస్తే ఉన్నది లేనట్టు కనిపిస్తుంది.

నమూనా పట్టే సీసాను ముందుగా ఆమ్లంలో నానబెట్టాలి. పట్టాక నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయకపోతే సీసం లోహం సీసా గోడలకే అంటుకుపోయి ఫలితం తగ్గుతుంది. ల్యాబ్ నుంచి స్వచ్ఛమైన నీళ్లు కూడా తీసుకెళ్లి, నమూనా పట్టే చోటే మూత తీసి పెట్టి, తెచ్చి పరీక్షించాలి. దాన్ని ఫీల్డ్ బ్లాంక్ అంటాం. అందులోనూ లోహం కనిపించిందంటే తప్పు చెరువుది కాదు. ఇక ఐసీపీ-ఎంఎస్ మూలకాలను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తిస్తుంది. అందులో ఉప్పునీళ్లు పెడితే, ప్లాస్మాలోని (యంత్రంలో విపరీతంగా వేడెక్కిన వాయువులోని) ఆర్గాన్, ఉప్పులోని క్లోరిన్ జతకట్టి 75 ద్రవ్యరాశి దగ్గర అచ్చం ఆర్సెనిక్‌లా కనిపిస్తాయి. తెర మీద అంకె చూడగానే అనుమానపడే బుద్ధి ఏళ్ల తరబడి చేస్తే గానీ రాదు. అలా తయారైన కుర్రవాళ్లను మనం ప్రాజెక్టు ముగిసిన రోజే ఇంటికి పంపేస్తున్నాం. యంత్రానికి కోట్లు మంజూరవుతాయి, దాన్ని నడిపే మనిషి జీతానికీ ఆర్గాన్ సిలిండర్‌కూ మాత్రం నిధులుండవు.

అందుకే నా విన్నపం. ప్రతి ఫలితం పక్కనా గుర్తింపు పరిమితి అంకెల్లో ఉండాలి. బ్లాంక్ ఎంత వచ్చిందో, లోహం ఎంతుందో ముందే ధ్రువీకరించిన ప్రామాణిక నమూనాలో ఎంత పట్టుకున్నారో రాయాలి. గుర్తింపు పరిమితి అనుమతించిన విలువలో మూడో వంతు దాటితే ఆ నివేదికను అనుమతులకు ఆధారంగా తీసుకోవద్దు. యంత్రం మంజూరు చేసే ఉత్తర్వులోనే దాన్ని నడిపేవారికి శాశ్వత పోస్టు కూడా ఇవ్వండి.

ఈలోగా ఒక పని ఈ వారమే మొదలుపెట్టించవచ్చు. మీ కార్యాలయంలో ఉన్న నివేదికల్లో సీసానికి బీడీఎల్ అని వచ్చినవన్నీ తీయించి, గుర్తింపు పరిమితి ఎంతో చెప్పమని ఆయా ల్యాబ్‌లకు లేఖలు రాయించండి. జవాబు రాని చోట నీళ్లు మళ్లీ పట్టించండి.

భవదీయుడు,
ఒక అనలిటికల్ కెమిస్ట్