ఇంగిలీకం గనులు మూతపడ్డాయి, పాదరసం మాత్రం మన చెత్తకుప్పల్లోనే ఉంది

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాదరసం తీసే ముడి ఖనిజమైన ఇంగిలీకం గనుల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి ఈ లేఖ రాయాలనుకుంటూనే ఉన్నాను. స్పెయిన్‌లోని అల్మాదెన్, స్లోవేనియాలోని ఇద్రియా గనులు మూతపడి, 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కడంతో పాదరసం కథ ముగిసిపోయినట్టే మీ వ్యాసకర్త రాశారు. పైగా ఒక బాలుడు అరచేతిలో పాదరసపు బొట్టు పట్టుకుని నవ్వుతున్న ఫొటో వేశారు. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం పాఠం చెప్పినవాడిని, ఆ ఫొటో చూసి మనసు చివుక్కుమంది.

ఎర్రటి ఇంగిలీకాన్ని గాలి ఆడేలా బట్టీలో కాలిస్తే అందులోని గంధకం ఘాటైన పొగగా పోయి, ఆవిరైన పాదరసం చల్లబడి బొట్లుబొట్లుగా దిగుతుందన్నది నిజమే. మన ఆయుర్వేద వైద్యులూ రెండు కుండలను మూతికి మూతి చేర్చి, అతుకును చీలమన్నుతో, అంటే మట్టి పూసిన గుడ్డతో మూసి, పై కుండ మీద తడిగుడ్డ పరిచి ఇదే పని చేసేవారు. కానీ ఆ ఆవిరి అంతా సీసాల్లోకే చేరలేదు, కొంత మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయింది. అల్మాదెన్‌లో శిక్షపడిన ఖైదీలను గనిలోకి దింపారు. బట్టీల దగ్గర పనిచేసినవారికి వణుకు పట్టుకుని మతి చలించిందన్న సంగతి 1593లో జరిగిన విచారణలోనే బయటపడింది. ఇద్రియా గని వైద్యుడు స్కోపోలి 1761 నాటికే అక్కడివారి జబ్బులను గ్రంథస్థం చేశాడు. పెరూలోని హువాంకావెలికాకు మృత్యుగని అనే పేరే వచ్చింది. వీరందరికీ మీ వ్యాసంలో దక్కింది ఒక్క వాక్యం.

అంతమందిని బలిగొని పైకి తెచ్చిన లోహం ఎక్కడికీ పోలేదు. గత వేసవిలో గుంటూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నా కళ్ల ముందే పాదరసం బీపీ మిషను బల్ల మీది నుంచి పడి పగిలింది. ఆయమ్మ చీపురుతో ఊడ్వబోతే ఒక్కో బొట్టు పది బొట్లయి గచ్చు పలకల సందుల్లోకి పరుగెత్తింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్యాను ఆపించి, కిటికీలు తెరిపించి, అట్టముక్కలతో దొరికినంత పోగుచేసి ఖాళీ మందుసీసాలో పోసి మూత బిగించాను. "మాస్టారూ, ఇంతోటిదానికి అంత భయం దేనికండీ" అన్నారు అక్కడి సిబ్బంది.

ఆ సీసా ఎక్కడ అప్పగించాలని అడిగితే ఒక కార్యాలయంలో చెత్తబండిలో వేసేయమన్నారు. మరో కార్యాలయంలో అర్జీ రాయించుకుని రసీదు కూడా ఇవ్వలేదు. ట్యూబులైట్లు, పగిలిన థర్మామీటర్లు ఇంటి ప్రమాదకర వ్యర్థాలనీ, వాటికోసం 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెప్పాయి. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. చేతికి తొడుగు లేకుండా తెల్లవారుజామున పగిలిన ట్యూబులైట్లు ఏరే పారిశుద్ధ్య కార్మికురాలి దాకా ఇందులో ఒక్కటీ రాలేదు. బ్యానర్లు కట్టి ప్రతిజ్ఞలు చేయిస్తే పని అయిపోయిందనుకోవడం మన అధికారులకు అలవాటైపోయింది.

ఆ ఫొటో వేయడం పొరపాటని మీరు ప్రకటించాలి. పాత బీపీ మిషన్లు, ట్యూబులైట్లు ఈ ఊళ్లో ఎక్కడ ఇవ్వాలో అధికారుల చేత చెప్పించి ఆ చిరునామా అచ్చువేయాలి. బొటనవేలంత సీసా, చేతిలోకి తీసుకుంటే రాయిలా బరువు. మనవళ్లకు అందకుండా నేటికీ మా బీరువా పై అరలోనే ఉంది.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.