సంచి తీసేశాక మా లెక్క ఎవరు చూస్తారు?

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఢిల్లీకి రాసే ఉత్తరం తెలుగులో ఎందుకని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. పెద్దపేగు తీసేయించుకున్నాక నేను పడుతున్న అవస్థ చెప్పుకోవడానికి సొంత భాషలోనే నాకు మాటలు చాలడం లేదు. ఇంట్లో 'రెండుకి' అంటాం, ఆస్పత్రిలో 'మోషన్స్ ఎన్ని' అని అడుగుతారు, బడిలో పిల్లలు వేలు చూపించి ఊరుకుంటారు. ఇంతకాలం నేనూ వేలు చూపించినట్టే బతికాను; ఇప్పుడు నోరు విప్పి చెప్పవలసిన అవసరం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నేను వరంగల్ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. వయసు 49 ఏళ్లు. అయిదేళ్లపాటు అల్సరేటివ్ కొలైటిస్‌తో, అంటే పెద్దపేగు లోపల పుండ్లు పడే జబ్బుతో, నెత్తురు పోగొట్టుకుని, మందులు పనిచేయని దశకు వచ్చాక, 2011 మే నెలలో నా పెద్దపేగు మొత్తం తీసేశారు. పొట్ట మీద రంధ్రం చేసి, మలం చేరడానికి సంచి తగిలించారు. అక్టోబరులో రెండో శస్త్రచికిత్స చేసి, చిన్నపేగు చివరి భాగాన్ని ఇంగ్లిషు 'జె' అక్షరంలా మడిచి, కుట్టి, తిత్తిలా మార్చి మలద్వారానికి కలిపారు. 2012 జనవరిలో మూడోసారి కోసి సంచి తీసేశారు. ఈ పద్ధతికి పునాది 1978లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి వైద్యులు పార్క్స్, నికల్స్ వేశారు. తిత్తిని 'జె' ఆకారంలో కుట్టడం రెండేళ్ల తర్వాత జపాన్ వైద్యుడు ఉట్సునోమియా చూపించారు. ఆ ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను. పేగు కాన్సర్ భయం చాలావరకు తగ్గింది, నెత్తురు పోవడం ఆగింది, పొట్ట మీద సంచి లేకుండా చీర కట్టుకోగలిగాను. కాబట్టి ఈ లేఖను శస్త్రచికిత్స మీద ఫిర్యాదుగా చూడవద్దని మనవి.

నా బాధ ఆ తర్వాతి కాలం గురించి. పెద్దపేగు రోజుకు సుమారు లీటరు నుంచి లీటరున్నర నీటిని పీల్చుకుని మలాన్ని గట్టిపరుస్తుంది. అది లేనివారికి ఆ పని కొంతవరకైనా చేసేవి చిన్నపేగు, ఈ తిత్తి. ఆ పనికి అవి అలవాటు పడేందుకు సుమారు ఏడాది పడుతుంది. లెక్కల టీచరును కనుక మొదటి రోజు నుంచీ ఒక నోటుబుక్కు పెట్టుకుని, విరేచనానికి ఒకటి చొప్పున గీతలు గీస్తూ వచ్చాను. సంచి తీసిన తొలి వారం రోజుకు 16 గీతలు. చర్మం కాలిన గాయంలా మండేది. నీళ్లు తగిలితే పళ్లు బిగపట్టేదాన్ని, జింక్ ఆక్సైడ్ పూత లేకుండా కూర్చోలేకపోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి పగలు ఆరు, రాత్రి ఒకటి. లోపెరమైడ్ మాత్ర, పెరుగన్నం, అరటిపండు, చీకటి పడకముందే రాత్రి భోజనం, చేతిసంచిలో ఓఆర్ఎస్ పొట్లం: వీటితో నా జీవితం ఒక దారిలో పడింది. ఆవకాయ మానలేదు, తగ్గించానంతే. ఏడేళ్లు ఆ ఏడు గీతలు అలాగే నిలబడ్డాయి. ఇక ఈ లెక్క ఇంతేనని నేనూ అనుకున్నాను, మా వాళ్లూ అనుకున్నారు.

2020 తర్వాత గీతలు పెరగడం మొదలైంది. మొదట తిత్తికి వాపు వచ్చింది. దాన్ని పౌచైటిస్ అంటారు. కొలైటిస్ వల్ల ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుందని వైద్యులు ముందే చెప్పారు. రెండు వారాలు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. కానీ వాపు లేని రోజుల్లో కూడా పాత లెక్కకు తిరిగి రాలేదు. పరీక్షలు చేసిన వైద్యురాలు ఓపికగా చెప్పిన కారణం ఇది: పాతికేళ్ల క్రితం నా తొలి కాన్పులో మలద్వారపు కండరం కొంత చిరిగి ఉండవచ్చు, పెద్దపేగు ఉన్నప్పుడు మలం గట్టిగా ఉండటంతో ఆ లోపం బయటపడలేదు, ఇప్పుడు వయసు పైబడి, నెలసరి ఆగిపోయి, కండరం సడలాక, వదులుగా ఉండే మలాన్ని అది పట్టి ఉంచలేకపోతోంది. మా ఆయనకు తెలియకుండా పక్క మీద రబ్బరు షీటు, దాని మీద పాత తువ్వాలు పరుస్తాను. తెలియకుండా అన్నాను గాని, పదమూడేళ్లుగా ఆయనకు తెలియనిది ఏముంటుంది. ఇద్దరం తెలియనట్టు ఉంటాం. ఈ ఏడాది నోటుబుక్కులో సగటున పగలు పది గీతలు, రాత్రి మూడు.

ఈ పదమూడు గీతలతో నేను రోజూ బస్సు ఎక్కి గంట ప్రయాణం చేసి బడికి వెళ్తాను. ఆ దారిలో మిగతా ప్రయాణికులకు ఊళ్లు కనిపిస్తాయి, నాకు మరుగుదొడ్లు కనిపిస్తాయి. రెండో స్టేజీ దగ్గర పెట్రోలు బంకులో తాళంచెవిని చెక్క ముక్కకు కట్టి మేనేజరు బల్ల సొరుగులో ఉంచుతారు. ఆయన భోజనానికి వెళ్తే ఆ సొరుగు కూడా మూసే ఉంటుంది. ఒకసారి అలాంటి సమయంలో బస్సు దిగి పరుగెత్తాను. 'కస్టమర్లకేనమ్మా' అన్నాడు అక్కడి కుర్రవాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు; బాగా చీర కట్టుకుని, చేతిలో హాజరు పుస్తకంతో నిలబడ్డ మనిషికి అర నిమిషం కూడా ఆగే శక్తి లేదని అతడు ఎలా ఊహిస్తాడు? ఆ రోజు బడికి వెళ్లలేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టావిడ వెనక ఇంట్లోకి తీసుకెళ్లి, వేన్నీళ్లు కాచి, తన చీర ఒకటి ఇచ్చి పంపింది. ఆ చీరను ఉతికి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ తర్వాతే వైకల్య ధ్రువీకరణ శిబిరానికి వెళ్లాను. అక్కడి వైద్యుడు నా కాగితాలన్నీ శ్రద్ధగా చదివి, నిలబడమని, నడవమని చెప్పి, చివరికి నొచ్చుకుంటూనే అన్న మాట: 'మీకు సంచి తీసేశారు కదమ్మా, ఆపరేషన్ సక్సెస్ అయింది. దీనికి ఇందులో గడి లేదు.' ఆయన చెప్పింది నిజమే. సంచి ఉన్నవారికి కూడా ఆ గడి లేదు. రైల్వే రాయితీల జాబితాలో మాత్రం ఆస్టమీ రోగులు, అంటే పొట్ట మీద సంచి ఉన్నవారు, ఉన్నారు, సీజన్ టికెట్టు మీద సగం తగ్గింపు ఉంది. నాకు సంచి ఉన్న ఎనిమిది నెలలు ఆ జాబితా లెక్కలో నేను రోగిని, అది తీసేసిన రోజు నుంచి ఎవరినీ కాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పాత 1995 చట్టంలోని ఏడు రకాల వైకల్యాలను 21కి పెంచింది. హీమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటి పైకి కనిపించని, హెచ్చుతగ్గులుండే జబ్బులను కూడా అందులో చేర్చడం గొప్ప పని. ఆ చట్టమే వైకల్యం ఉన్న వ్యక్తి ఎవరో నిర్వచిస్తూ, దీర్ఘకాలిక లోపం ఒకవైపు, సమాజంలోని అడ్డంకులు మరోవైపు కలిసి ఇతరులతో సమానంగా పాల్గొనకుండా చేస్తే అది వైకల్యమని చెబుతుంది. ఆ వాక్యం చదివినప్పుడు, నా శరీరాన్నీ ఆ తాళంచెవి చెక్క ముక్కనూ పక్కపక్కన చూసి ఎవరో రాసినట్టు అనిపించింది. కానీ ధ్రువపత్రం నిర్వచనాన్ని బట్టి రాదు, చట్టం చివర వైకల్యాల జాబితాగా ఇచ్చిన షెడ్యూలును బట్టి వస్తుంది. షెడ్యూలులో జీర్ణవ్యవస్థ అన్న మాటే లేదు.

అదే షెడ్యూలు చివర, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసే ఇతర వైకల్యాలకు చోటు వదిలి ఉంది. ఆ చోటును వాడి, పెద్దపేగు తీసేయించుకున్నవారిని, తిత్తి ఉన్నా సంచి ఉన్నా, చేర్చమని నా ప్రార్థన. అయితే చేర్చడంకన్నా కొలిచే తీరు మీదే నాకు ఎక్కువ పట్టుదల ఉంది. ఒక ఉదయం బల్ల ముందు నిలబెట్టి చూసి శాతం వేసే పద్ధతిలో మాలాంటివారికి ఎప్పుడూ సున్నాయే వస్తుంది, ఎందుకంటే శిబిరానికి వెళ్లే ముందు రోజు నుంచే మేము తిండి మానేస్తాం. రెండు వారాల గీతల పట్టిక, రాత్రి లీకేజీ, కండర బలం పరీక్ష, గత ఏడాదిలో పౌచైటిస్ ఎన్నిసార్లు వచ్చిందన్నది చూసి నిర్ణయించాలి. బాగుపడ్డారని ఒకసారి మూసేసిన దస్త్రాన్ని అయిదేళ్లకొకసారి తిరిగి తెరవాలి. 2013లో నన్ను అడిగి ఉంటే ఏ ధ్రువపత్రమూ అవసరం లేదని నేనే చెప్పేదాన్ని, అది అబద్ధం కూడా కాదు. ప్రయోజనాలకు కనీసం నలభై శాతం వైకల్యం ఉండాలన్న హద్దు దగ్గర పేచీ వస్తుందని తెలుసు. కానీ పరీక్షలో లేఖకుడి సాయం కోసం ఆ నలభై శాతం తప్పనిసరి కాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతనిది రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య. పరీక్ష హాల్లోంచి, తరగతి గదిలోంచి అడగకుండా లేచి వెళ్లే వెసులుబాటు అంతకన్నా పెద్ద కోరిక కాదని నా అభిప్రాయం.

రెండో మనవి చిన్నది, ఖర్చు లేనిది. ఇలాంటి రోగి అడిగితే, దుకాణదారులు సిబ్బంది మరుగుదొడ్డిని వాడుకోనివ్వాలని అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2005లోనే చట్టం చేసింది. మన దగ్గర మీ శాఖ ముద్ర ఉన్న కార్డు ఒకటి, దాని మీద తెలుగులోనూ హిందీలోనూ ఒక్క వాక్యం ఉంటే చాలు. ఆ బంకు కుర్రవాడికి నా పేగు కథ చెప్పే వ్యవధి నాకు ఉండదు. కార్డు చూపించే వ్యవధి ఉంటుంది.

నా నోటుబుక్కులోంచి మూడు చోట్ల, 2012, 2015, ఈ ఏడాది, పద్నాలుగేసి రోజుల పేజీలను నకలు తీసి ఈ లేఖకు జతపరుస్తున్నాను. అడ్డంగా తేదీలు, నిలువుగా గంటలు ఉన్నాయి. ఎర్ర సిరా గీతలు రాత్రివి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ