పిల్లల పాటకు ఒక గది ఇవ్వండి

సంపాదకులకు,

మా అబ్బాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ర్యాంకుల టెన్షన్. ఒక శనివారం స్నేహితుడు వాణ్ణి బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు తీసుకెళ్లాడు. 2010లో మొదలైన ఆ వేదిక మీద తన వయసు పిల్లలే సొంత పాటలు పాడుతున్నారట. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని గంటసేపు వాడే మాట్లాడాడు. పప్పు చల్లారిపోయినా నేను లేవలేదు.

కానీ మేముండేది మల్కాజిగిరిలో. లామకాన్ దాకా వాణ్ణి రోజూ పంపలేం. మా వీధిలోనే ఒక షట్టర్ గదిలో నలుగురు పిల్లలు గిటారు, డ్రమ్స్ వాయించుకునేవారు. చుట్టుపక్కలవాళ్లు గొడవపడితే యజమాని ఖాళీ చేయించాడు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని నాకూ తెలుసు. నిద్రపట్టని పెద్దవాళ్ల బాధా తెలుసు, మా అత్తగారూ అంతే. అందుకే అడుగుతున్నాను: మా కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు, ఎనిమిదింటి వరకు, తక్కువ అద్దెకు దాన్ని పిల్లలకు ఇవ్వండి. ఒక మైకు, నాలుగు ప్లగ్ పాయింట్లు చాలు. తలుపు తీయడానికి, వేయడానికి మాలాంటి తల్లులం వస్తాం.

– ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్