మన ఊరి పంటేనా?

సంపాదకులు గారికి,

'రైతు నుంచి నేరుగా మీ ఇంటికి' అంటూ శ్రీకాకుళంలో ఈమధ్య వాట్సాప్ గ్రూపులు పెరిగాయి. సీజన్ మొత్తానికి డబ్బు ముందే కడితే వారం వారం కూరగాయల సంచి వస్తుంది. నిరుడు నేనూ మూడు నెలలకు కట్టేశాను. మొదటి సంచి విప్పితే క్యారెట్, క్యాప్సికం, ఒకే సైజు టమాటాలు. అదీ ఆగస్టులో! మన మెట్ట నేలల్లో ఆ నెలలో క్యారెట్ ఎక్కడ పండిందో అడిగితే జవాబు లేదు. బయటి నుంచి వచ్చిన సరుకు కొనడం తప్పు కాదు, రైతుబజారుకు వెళ్తే అదీ దొరుకుతుంది. దాన్ని 'మన ఊరి పంట' అని ఎక్కువ ధరకు అంటగట్టడమే తప్పు.

ఆ డబ్బు పోయిందనుకుని, మా వీధిలో ఆరు ఇళ్లవాళ్లం నాగావళి ఒడ్డున ఒక రైతు మడికి వెళ్లాం. ఏ నెలలో ఏది కాపుకొస్తుంది, పురుగు పడితే ఏం కొడతారు, అన్నీ అడిగాం. వాన ముంచేస్తే మా డబ్బు సంగతేంటి అని కూడా అడిగాను. "నాకు పోతే మీకూ పోయినట్టే కదమ్మా" అన్నారాయన. జపాన్‌లో 1970లలో, అమెరికాలో 1986లో రైతుకే నేరుగా ముందు డబ్బు కట్టి పంట తీసుకునే ఈ పద్ధతి మొదలైనప్పుడూ ఒప్పందం అదే: పంటలోనే కాదు, నష్టంలోనూ వాటా. ఆ మాటకు ఒప్పుకుని ఆయన దగ్గరే సంచి తీసుకోవడం మొదలుపెట్టాం. అక్టోబరు వానలకు రెండు వారాలు సంచిలో అరటికాయలు, ఒక ఆనపకాయ, గుప్పెడు తోటకూరే వచ్చాయి. ఒకరు మానేశారు. వాళ్లను తప్పుపట్టను, ఇంట్లో పిల్లలకు రోజూ అరటికాయ వేపుడంటే కష్టమే. సంక్రాంతి ముందు మాత్రం మట్టి కూడా ఆరని పెండలం వచ్చింది, పులుసు పెడితే వీధంతా వాసన.

1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు గుర్తింపు కార్డు ఉన్న రైతే అమ్మాలన్నారు. ముందే డబ్బు తీసుకునేవాళ్లకూ అలాంటి షరతు ఒకటి పెట్టమని మార్కెటింగ్ శాఖను కోరుతున్నాను. పండిన ఊరు, రైతు పేరు, కోసిన రోజు రాసిన చీటీ ప్రతి సంచిలో ఉండాలి. వారానికి ఒక సాయంత్రం రైతుబజారులో ఒక మూల ఈ సంచుల పంపకానికి ఇస్తే ఇంకా మేలు. మా రైతు ఇప్పుడు మోపెడ్ మీద ఇల్లిల్లూ తిరుగుతున్నారు, ఆ పెట్రోలు ఖర్చు మా సంచి మీదే పడుతోంది.

- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం