అమ్మ మాట వినిపించుకున్న అందరికీ థాంక్స్

డాలస్ దగ్గర నర్సింగ్ హోమ్‌లో ఉన్న మా అమ్మ విషయంలో సాయపడ్డ వాళ్లకి విడివిడిగా ఫోన్లు చేశాను గానీ అందరి ముందూ చెప్పాలనిపించింది. అమెరికాలో అమ్మానాన్నల్ని అలాంటి చోట ఉంచాల్సి వచ్చిన మనవాళ్లకి పనికొస్తుంది కూడా.

ముందు మా పక్కింటి అక్కకి, నర్సుగా చేసి రిటైరయ్యారు. అమ్మ రెండు జబ్బల మీదా కమిలిన మచ్చలు కనిపిస్తే, బ్లడ్ థిన్నర్ (రక్తం పలచబరిచే మందు) వాడుతున్నారు కదా, ఊరికే కములుతుంది, మంచం రెయిలింగ్ తగిలి ఉంటుంది అన్నారు అక్కడివాళ్లు. ఆవిడ ఒకటే అడిగారు, రెయిలింగ్ తగిలితే రెండు చేతులకీ ఒకే ఎత్తులో వేళ్ల అచ్చుల్లా ఎలా పడతాయని. ఫోటోలు తేదీతో సహా తీయించి, మందుల కాగితాలు అడిగి తీసుకోమన్నదీ ఆవిడే. చూస్తే ఏముంది, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి ప్రాణం మీదికి తేవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించిన రకం మందు రాత్రిపూట ఇస్తున్నారు. మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అమ్మ తరఫున వైద్యం విషయాలు నిర్ణయించే అధికారం, నా పేరున ఉన్నా నాకు ఒక్క మాట చెప్పలేదు! అమ్మ పగలంతా మత్తుగా పడుకోవడం వయసు వల్ల అనేవాళ్లు మరి. సిబ్బంది వీలు కోసం కట్టేయడం, మందుతో మత్తులో పెట్టడం కుదరదని 1987 నుంచీ ఫెడరల్ చట్టం ఉంది. కొట్టారని ఫిర్యాదొస్తే రెండు గంటల్లో రాష్ట్ర అధికారులకి చెప్పి తీరాలి, వీళ్లేమో "చూస్తున్నాం" అంటూ సాగదీశారు.

అప్పుడొచ్చారు అంబుడ్స్‌మన్, అంటే నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్ల తరఫున ఫిర్యాదులు చూసేవాళ్లు, పంపిన వాలంటీర్. ఈ అంబుడ్స్‌మన్ ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు, పైసా తీసుకోరు. నేను గడగడా చెప్పేస్తుంటే ఆపి, ముందు అమ్మతో మాట్లాడాలి, ఆవిడ సరేనంటేనే ఫిర్యాదు ముందుకి తీసుకెళ్తాను అన్నారు. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించారు. స్ట్రోక్ తర్వాత అమ్మకి వచ్చిన కాస్త ఇంగ్లీషూ పోయింది, ఏం చెప్పినా అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ రోజు మాత్రం ఎవరు, ఏ పూట, స్నానం దగ్గర ఎలా లాగేవారో అన్నీ చెప్పింది. ఆ ఇంటర్‌ప్రెటర్ ఎవరో తెలీదు, "అమ్మా, మెల్లగా చెప్పండి, నేను వింటున్నా" అన్న ఆ గొంతుకి దణ్ణం.

రాష్ట్రం వాళ్లు వచ్చి విచారించారు, ఆ మనిషిని పనిలోంచి తీసేశారు, మందు డాక్టరు మెల్లగా తగ్గించి ఆపేశారు. గదిలో కెమెరా పెట్టాం. టెక్సస్‌లో దానికి చట్టం ఉంది, ఫారం నింపాలి, గదిలో రెండో ఆవిడ కూడా ఒప్పుకోవాలి. ఆవిడ కూతురు వెంటనే సంతకం పెట్టింది, తనకీ థాంక్స్. మీకు ఎవరికైనా అవసరమైతే ఎల్డర్‌కేర్ లొకేటర్ అని పెద్దవాళ్ల సాయం కోసం ఉన్న ఫోన్ లైన్ 1-800-677-1116కి చేస్తే మీ ఊరి అంబుడ్స్‌మన్ ఎవరో చెప్తారు. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ముందు 911.

ఇక వంతులేసుకుని వెళ్లొస్తున్న గుడి స్నేహితులకి ఎంత చెప్పినా తక్కువే. ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నమే కాకుండా రాత్రి భోజనం వేళకీ వెళ్తున్నారు చూడండి, ఎవరు ఎప్పుడొస్తారో అక్కడివాళ్లకి తెలీదు, అదే చాలా పెద్ద సాయం. ఒక్కటే మనవి, ఆవకాయ ఇచ్చింది ఎవరో గానీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు, అమ్మేమో సీసా సొరుగులో దాచేసింది. ఎవరిదో చెప్తే కడిగి తెచ్చిస్తాను.