గుల్లల్లోని విషానికి క్రమం తప్పని పరీక్షలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చచ్చిన చేపలు తీరానికి కొట్టుకొచ్చినప్పుడు ఫ్యాక్టరీల వ్యర్థాలను, నీటిలో ప్రాణవాయువు తగ్గడాన్ని అనుమానించడం సబబే. అయితే కంటికి కనిపించని కొన్ని సముద్ర శైవలాలు, అంటే నాచు కోవకు చెందిన సూక్ష్మజీవులు, తామే విషాన్ని తయారుచేస్తాయన్న సంగతి మన చర్చల్లోకి అంతగా రావడం లేదు.

1998లో మధ్య కాలిఫోర్నియా తీరంలో 400కు పైగా సీ లయన్లు (సీల్‌ను పోలిన సముద్ర క్షీరదాలు) చనిపోయాయి. సూడోనిట్షియా అనే డయాటమ్ (ఒంటికణ శైవలం) తయారుచేసిన డొమోయిక్ ఆమ్లమనే విషమే అందుకు కారణమని తేలింది. ఆ శైవలాన్ని మేసిన నెత్తళ్లనే చిన్న చేపలు మామూలుగానే ఈదుతుంటాయి. విషం వాటి పేగుల్లో నిలిచి, వాటిని కడుపారా తిన్న సీ లయన్ మెదడుకు చేరుతుంది. అప్పుడది తలను ఆపకుండా అటూ ఇటూ ఊపుతుంది, ఒళ్లంతా గోక్కుంటుంది, మూర్ఛ వచ్చి ఇసుకలో పడిపోతుంది. చూలుతో ఉన్నవాటికి గర్భం పోతుంది. బతికి బయటపడ్డవాటిలోనూ జ్ఞాపకానికి ఆధారమైన మెదడు భాగం కుంచించుకుపోవడం వల్ల, మేతకు దారి గుర్తుపెట్టుకోలేని స్థితి ఏర్పడుతుంది. ఒక మూగజీవి పాలిట ఇది ఎంత ఘోరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆలిచిప్పల వంటి గుల్లలూ ఈ శైవలాలను తింటాయి కాబట్టి మనుషులకూ ముప్పు తప్పలేదు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఆలిచిప్పలు తిన్నవారిలో 100 మందికి పైగా ఇదే విషంతో జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, మరికొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. వండినా ఈ విషం పోదు, రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియదు. మన దేశంలో కూడా 1997లో కేరళలోని విళింజంలో ఆలిచిప్పలు తిని, శైవలాలదే మరో రకం విషం సోకి, ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాల సాయంతో శైవలాలు విపరీతంగా పెరిగిన చోట్లను గుర్తించి సమాచారం ఇస్తోంది. అది మెచ్చుకోదగ్గ సేవ. కానీ ఉపగ్రహానికి నీటి రంగు కనిపిస్తుందే తప్ప అందులో విషం ఉన్నదీ లేనిదీ తెలియదు. నీటినీ గుల్లలనూ ప్రయోగశాలలో పరీక్షిస్తేనే అది తేలుతుంది. కాలిఫోర్నియాలో ఏటా మే నుంచి అక్టోబరు దాకా జనం సొంతంగా ఆలిచిప్పలు ఏరుకోవడాన్ని నిషేధిస్తారు, మిగతా కాలంలోనూ పరీక్షలు ఆపరు.

మన మత్స్యశాఖ కూడా గుల్లలు ఏరే చోట్ల నుంచి క్రమం తప్పకుండా నమూనాలు తీయించి, ఫలితాలను చేపల రేవుల్లో తెలుగులో ప్రకటించాలి. విషం బయటపడి గుల్లలు ఏరడాన్ని ఆపించాల్సి వస్తే, దాని మీదే బతికే కుటుంబాలకు ఆ రోజుల భృతిని కూడా ఆ ఉత్తర్వులోనే చేర్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, భీమునిపట్నం