ముందు సమాధి, తర్వాత మనిషి

సంపాదకుల వారికి నమస్కారం.

సూపర్‌హీరో ధారావాహికల్లో ప్రధాన పాత్రల మరణాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ‘యారో’ ధారావాహిక నాలుగో సీజన్‌లో లారెల్ లాన్స్ పాత్రను చంపడాన్ని వ్యాసకర్త రచయితల తెగువగా మెచ్చుకున్నారు. ఆ మరణం మీద ప్రేక్షకులకు వచ్చిన కోపాన్ని మాత్రం కథకూ జీవితానికీ తేడా తెలియని పసితనమని కొట్టిపారేశారు. ఎనిమిది సీజన్లూ ఓపికగా చూసిన ప్రేక్షకురాలిగా నాకు ఈ రెండు తీర్పులూ తలకిందులుగా కనిపిస్తున్నాయి.

ధారావాహిక చూడని పాఠకుల కోసం నేపథ్యం కొంత చెప్పాలి. (ఇకముందు చూడాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. వ్యాసకర్త ఆపాటి హెచ్చరిక కూడా చేయలేదు.) అమెరికాలోని సీడబ్ల్యూ చానెల్‌లో 2012 అక్టోబరు 10న మొదలై, 2020 జనవరి 28న 170వ ఎపిసోడ్‌తో ముగిసిన ఈ కథకు నాయకుడు ఆలివర్ క్వీన్. సముద్రంలో పడవ మునిగి, అయిదేళ్లపాటు అయిపూ అజా లేకుండా పోయి, చివరికి విల్లు పట్టుకుని తిరిగొచ్చిన కోటీశ్వరుల బిడ్డ. లారెల్ అతని పాత ప్రేయసి. ఆ పడవ ఎక్కినప్పుడు ఆమెకు తెలియకుండా అతను వెంట తీసుకెళ్లింది ఆమె సొంత చెల్లెలు సారానే. లారెల్ పేదల తరఫున వాదించే న్యాయవాదిగా మొదలై, తాగుడుకు బానిసై, అందులోంచి బయటపడి, ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేస్తూ, మూడో సీజన్‌లో చెల్లెలు హత్యకు గురయ్యాక ఆమె వదిలిపోయిన ముసుగును తాను తొడుక్కుని బ్లాక్ కెనరీ అయింది. తొలిరోజుల్లో వీధి రౌడీల చేతుల్లో ఒళ్లు హూనం చేసుకుంది కూడా. పుట్టుకతోనే వీరురాలు కాకపోవడమే ఆ పాత్రకున్న అందం. నటి కేటీ కాసిడీ ఆ మార్పును మెట్టు మెట్టుగా చూపించారు. పైగా బ్లాక్ కెనరీ 1947లో కామిక్స్‌లో పుట్టిన పాత్ర, గ్రీన్ యారోకు, అంటే ముసుగు వేసుకున్న ఆలివర్‌కు, దశాబ్దాలుగా జోడీ. కాబట్టి ఆమె కథ ఆఖరుదాకా సాగుతుందని కామిక్స్ తెలిసినవారు అనుకున్నారంటే అందులో వింతేమీ లేదు.

నాలుగో సీజన్ 2015 అక్టోబరు 7న మొదలైంది. ఆ తొలి ఎపిసోడ్ చివర్లో కథ ఉన్నట్టుండి ఆరు నెలలు ముందుకు దూకి, ఆలివర్‌ను ఒక సమాధి ముందు నిలబెడుతుంది. సమాధి ఎవరిదో చెప్పరు. ఇక సీజన్ పొడవునా ప్రేక్షకులకు అదే పొడుపుకథ. ఆలివర్ ప్రేయసి ఫెలిసిటీయా, స్నేహితుడు డిగిలా, చెల్లెలు థియానా, లేక లారెల్ తండ్రి క్వెంటిన్ లాన్సా అని లెక్కలు వేసుకోవడంతోనే నెలలు గడిచిపోయాయి. ఆ దృశ్యం చిత్రీకరించేనాటికి సమాధిలో ఎవరున్నారో తాము తేల్చుకోనే లేదని ధారావాహిక సారథులు తర్వాత బాహాటంగానే చెప్పారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ చనిపోయినవాళ్లు లేరు, చావుకు కారణం లేదు, రాయి మాత్రం నాటేశారు. ఆ తర్వాత ఎవరిని అందులో పడుకోబెడితే సంచలనం ఎక్కువగా ఉంటుంది, మిగిలిన కథకు ఇబ్బంది తక్కువగా ఉంటుంది అని చూసుకున్నారు. దీన్ని తెగువ అనడానికి నాకు నోరు రావడం లేదు.

మరణం సంగతి ముందే చెప్పేయడంలో దోషమేమీ లేదు. అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి తిరిగి రాడన్నది మనలో తెలియనివారెవరు? అయినా ద్రోణపర్వంలో ధర్మరాజు ఆ కుర్రవాణ్ణి పిలిచి వ్యూహం ఛేదించమని అడిగే చోటికి వచ్చేసరికి మనకు గుండె గుబేలుమంటుంది. లోపలికి వెళ్లడమే తెలుసు, బయటికి రావడం తెలియదని అతనే చెబుతాడు. నీ వెనకే మేమూ వస్తామని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. అర్జునుణ్ణి సంశప్తకులు అప్పటికే దూరంగా లాక్కుపోయారు. వెనకే బయలుదేరినవాళ్లను సైంధవుడు శివుడిచ్చిన వరంతో ఆపేస్తాడు. ఒక్కో దారీ మన కళ్లెదుటే మూసుకుపోతుంది. ఆ చావు మరొకరికి వచ్చే వీలు లేదు, అభిమన్యుడే పోవాలి, ఆ రోజే పోవాలి. లారెల్ విషయంలో అలా కాదు. ఆమె బదులు మరే పాత్రను పెట్టినా సమాధి మీద పేరు మారేదే తప్ప, అంతకు ముందు నడిచిన కథలో ఒక్క సన్నివేశాన్నీ మార్చనక్కర్లేదు.

2016 ఏప్రిల్ 6న ప్రసారమైన ఆ పద్దెనిమిదో ఎపిసోడ్‌ను నేను మళ్లీ చూశాను. దాని అల్లిక గమనించదగ్గది. లారెల్‌కు జిల్లా అటార్నీ పదవి చేపట్టే అవకాశం వస్తుంది. ముసుగు తీసేసి చట్టం దారినే నడుద్దామన్న ఆలోచనలో పడుతుంది. అయితే ప్రతినాయకుడు డేమియన్ డార్క్‌ను ఎదుర్కోవడానికి ఆఖరిసారి బ్లాక్ కెనరీగా వెళ్తానంటుంది. తెరమీద ఎవరైనా ‘ఆఖరిసారి’ అన్నారంటే కథ సంగతి ప్రేక్షకులకు వెంటనే అర్థమైపోతుంది, అంత పాతబడిన సూచన అది. జైల్లో జరిగిన పోరాటంలో డార్క్ తన మంత్రశక్తితో అందరినీ నిశ్చేష్టులను చేసి, ఆలివర్ బాణాన్నే ఆమె పొట్టలో గుచ్చుతాడు. ఆస్పత్రిలో ఆపరేషన్ జరుగుతుంది, ఆమె తేరుకుంటుంది, మిత్రులందరితో నవ్వుతూ మాట్లాడుతుంది. తర్వాత ఆలివర్‌ను ఒక్కణ్ణీ ఉండమని, ఎప్పటిదో పాత ఫొటో చూపించి, నీ జీవితంలో నేను కాకపోయినా నా జీవితంలో మాత్రం నువ్వేనన్న అర్థం వచ్చేలా మాట్లాడి, ఒక మాట తీసుకుంటుంది. ఆ మాటేమిటో మనకు వినిపించరు. మరికాసేపటికే హఠాత్తుగా ఆమె శరీరం వణకడం, వైద్యులు పరుగెత్తుకురావడం, ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోవడం. రాత్రి 11:59కి పోయిందని ప్రకటిస్తారు. బతికిందని మనల్ని కుదుటపరిచి, ఆ కుదురు చెదిరేలోపే చంపారు. ఒక ఎపిసోడ్‌గా బిగువు ఉందని ఒప్పుకుంటాను, నటీనటుల్లో ఎవరినీ వేలెత్తి చూపలేను.

నా అభ్యంతరమల్లా ఆ చావు ఎవరికి చెందుతుందన్న దాని మీద. బాణం గుచ్చే ముందు డార్క్ ఆమెతో అనే మాట, మీ నాన్నకు నా తరఫున ఒక సందేశం చేరవెయ్యి అని. తనను మోసగిస్తే కూతుర్ని చంపుతానని క్వెంటిన్‌ను అంతకు ముందు బెదిరించాడు, ఆ బెదిరింపును చెల్లించుకున్నాడు. డార్క్‌కు ఆ శక్తి తిరిగి దక్కడానికి కారణం డిగిల్ తన తమ్ముడు ఆండీని గుడ్డిగా నమ్మడం. ఇక ఆమె చివరి సంభాషణ ఆలివర్ ప్రేమ గురించి. అంటే చంపింది తండ్రిని శిక్షించడానికి, వీలు చిక్కింది ఒక స్నేహితుడి పొరపాటు వల్ల, చివరి పలుకులు పాత ప్రియుడి కోసం. తాగుడు నుంచి తనను తాను లాక్కొచ్చిన ఆ మనిషి, కోర్టులో నిలబడి వాదించిన ఆ మనిషి, ఆ చావులో ఎక్కడ ఉంది? కామిక్స్‌లో ఈ జాడ్యం పాతదే. 1994 నాటి ఒక గ్రీన్ లాంటర్న్ సంచికలో హీరో ఇంటికి వచ్చేసరికి అతని ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంటారు. ఇలా మగ కథానాయకుడికి పగో దుఃఖమో పుట్టించడానికి బలైన స్త్రీ పాత్రల జాబితాను 1999లో గెయిల్ సిమోన్ తయారుచేసి అందరి ముందూ పెట్టారు. తర్వాత ఆమే పేరున్న కామిక్స్ రచయిత్రి అయ్యారు. పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ జాబితాకు కొత్త పేరు చేరుతోందంటే, దాన్ని సాహసమని పొగడడం ఎలా?

ఇదే ధారావాహిక ఇంతకంటే మేలుగా చేయగలదనడానికి సాక్ష్యం ఇందులోనే ఉంది. 2014లో రెండో సీజన్‌లో ఆలివర్ తల్లి మోయిరా మరణం చూడండి. స్లేడ్ విల్సన్ తల్లినీ చెల్లెలినీ ఆలివర్ ముందు కట్టేసి ఉంచి, ఇద్దరిలో ఎవరు బతకాలో ఎంచుకోమంటాడు. పడవ మునిగాక ఆలివర్ చేరిన దీవిలో ఒకప్పుడు షాడోకూ సారాకూ మధ్య అతను ఇలాంటి పరిస్థితిలోనే చిక్కుకోవడం, స్లేడ్‌కు ప్రాణప్రదమైన షాడో చనిపోవడం ఆ కక్షకు మూలం. కొడుకు నోరు విప్పే లోపే మోయిరా లేచి నిలబడుతుంది. కూతురిని కళ్లు మూసుకోమంటుంది. మొదటి సీజన్‌లో బిడ్డలను కాపాడుకోవడానికి నగరంలో 503 మంది చావుకు దారితీసిన కుట్రలో పాలుపంచుకున్న తల్లి ఆమె. పిల్లల కోసం ఎంతటి పాపానికైనా వెనకాడని మనిషి, ఈసారి వాళ్ల కోసం తన ప్రాణమే ఇచ్చింది. ఆ రెండు పనులూ ఒకే స్వభావంలోంచి పుట్టాయి. మోయిరా చనిపోయినప్పుడు ఏడ్చిన ప్రేక్షకులెవరూ రచయితల మీద మండిపడలేదన్న సంగతి వ్యాసకర్త గమనించాలి. ప్రేక్షకులకు చావు మీద కోపం ఉంటే అప్పుడూ రావాలి కదా.

మరో మాట. చనిపోయినవాళ్లను బతికించే లాజరస్ గుండం ఉన్న లోకం అది. మూడో సీజన్ మొదట్లో చంపిన సారాను నాలుగో సీజన్‌లో ఆ గుండంలో ముంచే లేపారు. అలాంటప్పుడు అక్కను ఎందుకు లేపరని అడగడం సహజం. అందుకే ఆ గుండాన్ని ముందుగానే నాశనం చేయించి ఉంచారు. సారాకు కాలంలో ప్రయాణించే ఓడే అందుబాటులో ఉంది, వెనక్కి వెళ్లి అక్కను కాపాడతానంటే, అలా చేస్తే నువ్వూ మీ నాన్నా కూడా పోతారని ఆ ఓడ బృందం నాయకుడు నచ్చచెప్పాల్సి వచ్చింది. ఇలా ఒక్కో కన్నానికీ మట్టి మెత్తుకుంటూ పోయినవాళ్లే, ఆరు వారాలు తిరక్కుండా, మే 17న, ‘ది ఫ్లాష్’ ధారావాహికలో అదే నటిని మరో భూమికి (అంటే సమాంతర లోకానికి) చెందిన లారెల్‌గా, బ్లాక్ సైరన్ అనే దుర్మార్గురాలిగా తెరమీదికి తెచ్చారు. తర్వాత ఆమె ‘యారో’లోనూ పూర్తిస్థాయి పాత్రగా స్థిరపడింది. నటి అవసరమే గానీ, ఆమె నాలుగేళ్లు పెంచిన మనిషి అవసరం లేకపోయింది. కామిక్స్‌లో సూపర్‌మాన్‌ను 1992లో చంపి మరుసటి ఏడాదే లేపారు. 1988లో బ్యాట్‌మాన్ సహచరుడు, రెండో రాబిన్ అయిన జేసన్ టాడ్ బతకాలా వద్దా అని టెలిఫోన్ ఓటింగ్ పెడితే చావాలని 5,343, బతకాలని 5,271 ఓట్లు పడ్డాయి. కేవలం 72 ఓట్ల తేడాతో చంపిన అతన్ని కూడా 2005లో తిరిగి తెచ్చారు. ఈ రంగంలో చావుకు విలువ ఎంత పలచబడిందో తెలిసిన ప్రేక్షకులు, పాత్రల కర్మకాండకు కన్నీళ్లు పెట్టమంటే ముందు కారణం అడుగుతారు. కథకూ జీవితానికీ తేడా తెలిసినవాళ్లు మాత్రమే అడగగల ప్రశ్న అది. జీవితంలో చావుకు రచయిత ఉండడు, ఎవర్నీ నిలదీయలేం. కథలో ఉంటాడు. (నటులనూ రచయితలనూ వ్యక్తిగతంగా దూషించేవారిని సమర్థించడం నా ఉద్దేశం కాదు, అది వేరే సంగతి.)

లారెల్ మరణం తర్వాత వచ్చిన కథలో మంచి ఏమీ లేదనడం అన్యాయం. ఏప్రిల్ 27 నాటి ఎపిసోడ్‌లో అంత్యక్రియల వేళ ఆమే బ్లాక్ కెనరీ అని ఆలివర్ నలుగురిలో ప్రకటిస్తాడు. ఆమె తీసుకున్న మాట, తానే చివరి కెనరీ కాకూడదన్నదని అయిదో సీజన్‌లో తెలుస్తుంది. అయితే అక్కడా ఆమె జ్ఞాపకం కంటే ఖాళీ అయిన స్థానాన్ని భర్తీ చేసుకోవడమే రచయితలకు ముఖ్యమైనట్టు తోస్తుంది. నిజంగా ఆ మరణాన్ని మోసినది క్వెంటిన్ పాత్ర, ఆ పాత్ర వేసిన పాల్ బ్లాక్‌థార్న్. కూతురు తిరిగొస్తుందని మొండిగా నమ్మిన తండ్రి, రాదని తెలిశాక కూలిన తండ్రి, ఆ తర్వాత కూతురి ముఖంతో వచ్చిన పరాయి మనిషిలో మంచి వెతకడం మానుకోలేకపోయిన తండ్రి, ఈ మూడు దశల్లోనూ ఆయన ఒక్కచోట కూడా అతి చేయలేదు. 2018 మేలో, ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, ఆ రెండో లారెల్ మీదికి రికార్డో డియాజ్ తుపాకీ పేల్చినప్పుడు క్వెంటిన్ అడ్డం వెళ్లి తూటా తాను తిన్నాడు, ప్రాణాలు కోల్పోయాడు. ఒక కూతుర్ని కాపాడుకోలేకపోయానన్న బాధతో రెండేళ్లు బతికిన మనిషికి ఆ క్షణంలో మరో దారి లేదు. వ్యాసకర్త తన జాబితాలో ఆ చావును చేర్చనే లేదు. లారెల్ పేరు కొట్టేసి అక్కడ ఆమె తండ్రి పేరు రాసి ఉంటే, నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇట్లు,
మీ పాఠకురాలు